ఖాళీ ట్యాంకు ఖాళీ కాదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మేము చదువును గురించి మాట్లాడటం మీకు అలవాటే. ఈసారి డీజిల్ ట్యాంకును గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు మా మొహం కేసి చూసి, "మాస్టరుగారూ, మీకూ డీజిలుకూ ఏమిటి సంబంధం?" అన్నారు. సంబంధం ఉన్నది. అది చెప్పడానికే నిలబడ్డాము.

మన బెజవాడ ఆటోనగర్‌లో పానా పట్టిన చేతులు ఎన్నో మన ఇళ్ళవే. మా బడిలో అలిఫ్, బే దిద్దిన చేతులూ వాటిలో ఉన్నాయి. ఆ చేతుల్లో ఒక పిల్లవాడివి మేము ఎప్పటికీ మరువలేము. వాడి పేరు చెప్పము. తుక్కుకు వచ్చిన లారీలను విడదీసే ఒక షెడ్డులో చేరాడు. యాక్సిడెంటులో నుజ్జయిన లారీ ఒకటి వచ్చింది. ట్యాంకులోని డీజిల్ తీసేశారు, మూత బిగించారు, మూడు రోజులు పక్కన పడేశారు. నాలుగో రోజు ట్యాంకు పట్టీల బోల్టులు తుప్పుపట్టి రాకపోతే గ్యాస్ కటింగు పెట్టారు. ట్యాంకు పేలింది. వాడు బతికాడు, అల్‌హమ్‌దులిల్లాహ్. కాని కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆసుపత్రిలో చూడబోతే వాడన్న మాట ఒకటే: "ఖాళీ ట్యాంకే గదా సర్!"

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ పిల్లవాడికి ద్రవాలు ఆవిరి కావడాన్ని గురించి పాఠం చెప్పింది మేమే. బుఖారాత్ అంటే ఏమిటని పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాము. వాడు రాశాడు, మార్కులూ వేశాము. ఆ బుఖారాతే డీజిల్ ట్యాంకులో కూర్చుని ఉంటుందని మాత్రం మేము చెప్పలేదు. ఆ మిగిలిపోయిన పాఠం ఈవేళ మీ అందరి ముందు చెబుతున్నాము.

మొదటి సంగతి. మండేది నూనె కాదు, దాని ఆవిరి. ఆవిరి తగినపాళ్ళలో గాలితో కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. తీసేసిన ట్యాంకులో అడుగున నాలుగు చెంచాల నూనె, పైన అంతా ఆవిరీ గాలీ. అందుచేత నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

రెండవది. "డీజిల్ అంటుకోదు, పెట్రోలే అంటుకుంటుంది" అని ఉస్తాదులు అంటారు. ఇది సగం నిజం. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు కిందనైనా మండే ఆవిరి ఇస్తుంది. డీజిల్ అంతకంటె నిదానమే. కాని మన దేశపు ప్రమాణం డీజిల్‌కు పెట్టిన కనీసపు హద్దు 35 డిగ్రీలు మాత్రమే. మన బెజవాడ ఎండలు 40 దాటుతాయి. ఎండలో కాగిన ఇనుప ట్యాంకు చెయ్యి పెడితే కాలుతుంది. ఇక డీజిల్ అంటుకోదని ధైర్యమెక్కడిది?

మూడవది. ఈ ఆవిరి గాలి కంటె బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది, గుంటలోకి దిగి అక్కడే ఉంటుంది. పది అడుగుల అవతల టీ కాచే స్టవ్వు కూడా దానికి నిప్పే.

ఇప్పుడు పని ఎలా చేయవలెనో వరుసగా చెబుతాము. షెడ్డు నడిపే సోదరులు, పిల్లలను పనికి పంపే తల్లులు కూడా వినవలెను.

లారీని ఆరుబయట చదునైన నేల మీద పెట్టాలి. సర్వీసు గుంట మీద, మురుగుకాలవ పక్కన పెట్టరాదు. వెల్డింగు, గ్రైండింగు, గ్యాస్ కటింగు, బీడీ అన్నీ దూరంగా ఉండవలె. యాక్సిడెంటు బండి ఒరిగి ఉంటుంది, ఎప్పుడు కదులుతుందో తెలియదు. చక్రాలకు దిమ్మలు వేయండి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు. గట్టి స్టాండు పెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. పని పగటి వెలుగులోనే చేయాలి.

తరువాత బ్యాటరీ. లారీలకు సాధారణంగా 12 వోల్టులవి రెండు కలిపి 24 వోల్టులు ఉంటాయి. నెగెటివు తీగె, అంటే ఎర్తు తీగె, ముందు విప్పాలి. పాజిటివు ముందు విప్పితే పానా చాసీకి తగిలి నిప్పు రాలుతుంది. అప్పటికే నూనె కారి బ్యాటరీ దగ్గర మడుగు కట్టి ఉంటే తొందరపడవద్దు. ముందు ఇసుక పోసి పీల్పించి, ఆ ఇసుక ఎత్తేసి, గాలి ఆడనిచ్చి, వాసన పోయాకనే తీగెలు ముట్టండి.

రెండు బకెట్ల ఇసుక, పొడి చల్లే మంటలార్పే సిలిండరు ఒకటి చేతికందే చోట ఉండాలి. నూనె మంట మీద నీళ్ళు కొట్టవద్దు. నూనె నీటి మీద తేలి మంటను ఊరేగిస్తుంది.

ట్యాంకు మూత ఒక్కసారిగా తీయరాదు. కొంచెం తిప్పి, లోపలి ఒత్తిడి పోనిచ్చి, అప్పుడు తీయాలి. అడుగున డ్రెయిను బోల్టు ఉంటే దాని గుండా వదలాలి. లేకపోతే చేతిపంపు పెట్టాలి. మామూలు కరెంటు మోటారు వద్దు, దానిలోనే నిప్పురవ్వ పుడుతుంది.

నోటితో పైపు పీల్చడం మాత్రం హరాము అనుకోండి. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు, బడిపంతులుగా చెబుతున్నాము. గుక్కెడు డీజిల్ కడుపులోకి పోవడం కంటె నాలుగు చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోవడం ఎక్కువ చేటు. అది న్యుమోనియా వంటి జబ్బు తెస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. వాంతిలో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.

నూనె పట్టేది ఇనుప డ్రమ్ములోకే. ప్లాస్టిక్ బకెట్టు వద్దు. నూనె పారేటప్పుడు రాపిడికి విద్యుత్తు పుడుతుంది. ప్లాస్టిక్కులో అది పోయే దారి లేక నిలిచి, ఒక్కసారి చిటుక్కుమంటుంది. డ్రమ్మును నేల మీద ఆనించి, దానికీ చాసీకీ మధ్య రాగితీగె కట్టి, పైపు కొసను డ్రమ్ము అడుగుదాకా దించండి. పైనుంచి ధార కట్టనీయవద్దు. అంచులదాకా నింపవద్దు. ఎండకు నూనె వ్యాకోచిస్తుంది, కాస్త ఖాళీ వదలండి.

ట్యాంకు అయిపోతే పని అయిపోయినట్టు కాదు. ఫిల్టర్లలో, పైపుల్లో, పంపులో ఇంకా ఉంటుంది. వాటి కింద పళ్ళెం పెట్టి విప్పండి. కొత్త లారీలకు యూరియా నీళ్ళ ట్యాంకు వేరే ఉంటుంది, మూత నీలంగా ఉంటుంది. అది మండదు, కాని డీజిల్‌లో కలపవద్దు. సి.ఎన్.జి. సిలిండరు ఉన్న బండి వస్తే ముట్టకుండా దానిలో అనుభవమున్నవారిని పిలవండి.

తీసిన ట్యాంకు మీద సుద్దతో "ఆవిరి ఉంది, నిప్పు వద్దు" అని ఉర్దూలో, తెలుగులో రాసి మనుషులు తిరగని చోట పెట్టండి. పట్టీల బోల్టు రాకపోతే తుప్పు వదిలే నూనె పోయండి, రంపంతో చేత్తో కోయండి, మర్నాటి దాకా ఆగండి. గ్యాసు మాత్రం వద్దు. నీళ్ళతో కడిగినంత మాత్రాన ట్యాంకు శుభ్రమైందనుకోవద్దు. దాన్ని కోయడం, అతకడం దానికి తగిన ఏర్పాట్లున్న చోటనే జరగాలి.

తీసిన డీజిల్‌లో నీరు, తుప్పు ఉంటాయి. మూత బిగించి పేరు రాసి పెట్టండి. పొరుగువాడి బండిలో పోసి ఇంజను చెడగొట్టవద్దు, కాలవలో పోయవద్దు. ఆ నీటి మీద ఆధారపడ్డవారు మన సోదరులే. బండిని విడదీసే ముందు ఇటువంటి ద్రవాలన్నీ తీసి భద్రం చేయాలని 2021లో వచ్చిన వాహనాల తుక్కు నియమాలు కూడా చెబుతున్నాయి.

అమ్మలారా, ఒక మాట. బట్టలు డీజిల్‌లో తడిసిన పిల్లవాడు ఇంటికొస్తే పొయ్యి దగ్గరికి రానీయకండి. బట్టలు మార్పించి సబ్బుతో ఒళ్ళు కడగమనండి. కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ళు వదలండి. సిరా, పేస్టు, పసుపు పూయకండి.

ఉస్తాదులారా, 18 ఏళ్ళు నిండనివాళ్ళను మండే పదార్థాల పనిలో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం ఉన్నది. చట్టం సంగతి అలా ఉంచండి. షాగిర్దు అంటే కొడుకుతో సమానమని మీరే అంటారు. కొడుకును ఆ ట్యాంకు దగ్గరికి పంపుతారా?

కొందరు, "అంతా అల్లాహ్ దయ, రాసి ఉన్నది జరుగుతుంది" అంటారు. నిజమే. కాని ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత తవక్కుల్ చేయమన్నది మన ప్రవక్త (స) బోధే గదా! బ్యాటరీ తీగె విప్పడం, ఇసుక బకెట్టు పెట్టడం మన కాలపు ఒంటెను కట్టడమే.

సంఘానికి మా విన్నపం రెండు. జకాతు నిధిని ముట్టకుండా, చందాలతో ఒక చేతిపంపు, రెండు ఇనుప డ్రమ్ములు, ఒక మంటలార్పే సిలిండరు కొని, అడిగిన షెడ్డుకల్లా అరువిచ్చే ఏర్పాటు చేయండి. నెలకొక ఆదివారం అసర్ తరువాత గంటసేపు పనివాళ్ళకు ఈ పాఠం మేము చెబుతాము, జీతం అక్కరలేదు. ఆ పిల్లవాడు కూడా వచ్చి మా పక్కన నిలబడతానన్నాడు. వాడి చేయి చూస్తే మా మాటలు సగం అక్కరలేదు.

అల్లాహ్ మన పిల్లల చేతులను, కళ్ళను కాపాడుగాక. ఆమీన్. వస్సలామ్.