పెద్దపేగు కాన్సరు: రక్తపరీక్ష, వంశవృక్షము

సంబంధం మాట్లాడుకొనడానికి కూర్చున్న పెద్దలు మొదట అడిగేది ఇంటిపేరు, గోత్రము. ఆ తరువాత మేనమామలెవరు, మేనత్తను ఏ ఊరిచ్చారు, తాతగారి అన్నదమ్ములు ఎందరు అని విచారిస్తారు. అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని మూడు తరాల వంశవృక్షాన్ని కాగితం చూడకుండా చెప్పగల వృద్ధులు ఇంటికొకరైనా ఉంటారు. ఇంత వివరంగా చెప్పేవారు ఒక్క సంగతి మాత్రం దాటవేస్తారు. ఎవరు ఏ వ్యాధితో, ఏ వయస్సులో పోయినారన్నది చెప్పరు. “కడుపులో ఏదో గడ్డట” అని ఊరుకుంటారు. పిల్లలకు సంబంధాలు తప్పిపోతాయన్న భయమే దీనికి కారణము. అయితే పెద్దపేగు కాన్సరు విషయంలో ఈ దాపరికము ప్రాణాల మీదికి తెస్తుంది.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ వ్యాధి పెద్దపేగులో సాధారణంగా ఒక్కనాడు పుట్టేది కాదు. పేగు లోపలి పొరపై మొదట చిన్న పిలక వంటి కండ మొలుస్తుంది. వైద్యులు దీనిని పాలిప్ అంటారు. అది కాన్సరుగా మారడానికి తరచుగా పదేళ్లకు పైబడి పడుతుంది. ఆ లోపున గొట్టపు కెమెరాతో చూసి ఆ పిలకను తీసివేస్తే ఆ చోట వ్యాధి రాకుండానే ఆగిపోతుంది. 2022 లెక్కల ప్రకారము ప్రపంచంలో ఆ ఏడు సుమారు 19 లక్షల మందికి ఈ వ్యాధి కొత్తగా కనిపించింది. 9 లక్షల మంది మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఇది తక్కువే. అందువల్లనే మనకు దీని మీద అనుమానము ఆలస్యంగా కలుగుతుంది.

పేగులోని వ్యాధి నెత్తురులో కనిపిస్తుందా? ఈ ప్రశ్నకు మన గోదావరి మండలమునకు చెందిన ఒక మహనీయుని చరిత్రలో సమాధానమున్నది. వసిష్ఠకు ఆవలి గట్టున ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగు వ్యాధికి కోల్పోయినారు. ఆ వ్యాధిలో పేగు ఆహారాన్ని ఇముడ్చుకొనలేదు; రక్తం క్షీణించి మనిషి పాలిపోతాడు. తరువాత అమెరికాలో సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాల తయారు చేసిన ఫోలిక్ ఆమ్లము ఆ రక్తహీనతకు మందైనది. పేగుకు, నెత్తురుకు గల సంబంధము ఇంత దగ్గరిది. ఫోలిక్ ఆమ్లపు కుటుంబంలోనిదే అయిన లూకోవొరిన్‌ను నేడు పెద్దపేగు కాన్సరు చికిత్సలో ఇతర మందులతో కలిపి వాడుతున్నారు.

ఈ చరిత్ర మరొక పాఠము కూడ చెబుతుంది. ఒకే ఇంట ఇద్దరు అన్నదమ్ములు ఒకే వ్యాధితో పోయినారు. అయినా స్ప్రూ వంశపారంపర్య వ్యాధి కాదు. కాబట్టి ఇంట్లో ఇద్దరికి వచ్చినంత మాత్రాన అది రక్తంలో ఉన్నదని తీర్మానించరాదు. విచారించి తెలుసుకొనవలెను.

సుబ్బారావుగారు జన్మించిన ఆ 1895లోనే అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు వైద్యుడు వార్థిన్‌తో ఒక కుట్టుపని చేసే స్త్రీ తన దిగులు చెప్పుకొన్నది. తమ ఇంట చాలమంది పేగు కాన్సరుతోనో, గర్భాశయపు కాన్సరుతోనో పోయినారనీ, తన గతీ అంతేననీ ఆమె మాట. వైద్యుడు ఆ మాటను కొట్టివేయలేదు. ఆ కుటుంబ చరిత్రను ఓపికగా సేకరించి 1913లో ప్రకటించాడు. ఆ స్త్రీ చివరకు గర్భాశయపు కాన్సరుతోనే మరణించింది. 1966లో హెన్రీ లించ్ అటువంటి మరి రెండు పెద్ద కుటుంబాలను వర్ణించాడు. కారణమైన జన్యువులు 1993 నుండి ఒక్కొక్కటిగా బయటపడినవి. నేడు దానిని లించ్ సిండ్రోమ్ అంటారు. విజ్ఞానశాస్త్రం జన్యువును పట్టుకొనడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. తోవ చూపింది మాత్రం ఇంటి సంగతి దాచక చెప్పిన ఒక సామాన్య స్త్రీ.

ఆ జన్యువుల పని ఏమిటి? ఒక కణము రెండుగా చీలేటప్పుడు దానిలోని జన్యులిపి అంతా తిరిగి వ్రాయబడుతుంది. వ్రాతలో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులను దిద్దే లేఖకుల వంటివి ఈ జన్యువులు. లేఖకుడే లోపభూయిష్ఠుడైతే తప్పులు పోగుపడి కాన్సరుకు దారి తీస్తాయి. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపము ఉంటే ప్రతి బిడ్డకు సంక్రమించే అవకాశము సగానికి సగము. కొడుకులకు ఎంతో కూతుళ్లకు అంతే. కాని కూతురు అత్తవారింటికి వెళ్లగానే ఇంటిపేరు మారుతుంది, జన్యువు మారదు. ఇంటిపేరును బట్టి లెక్క చూసేవారికి ఈ శాఖ కంటబడదు. మేనత్త పిల్లలను, దౌహిత్రులను కూడ వృక్షంలో చేర్చవలెను.

పెద్దపేగు కాన్సరు వచ్చిన నూరుమందిలో సుమారు ముగ్గురికి లించ్ సిండ్రోమ్ మూలము. మరొకరికి పేగునిండా వందల కొద్దీ పిలకలు మొలిచే వేరొక జన్యులోపము కారణము కావచ్చును. 1991లో గుర్తించిన ఆ లోపానికి చికిత్స చేయకుంటే నడివయస్సు నాటికి కాన్సరు దాదాపు తప్పదు. ఈ రెండింటికీ మేనరికంతో సంబంధము లేదు. కాని 2002లో వేల్సులోని కార్డిఫ్ పరిశోధకులు బయటపెట్టిన మూడవ లోపము, మ్యూటీవైహెచ్ జన్యువుది, వేరు తరహా. అది తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండూ వస్తేనే వ్యాధి. భార్యాభర్తలు ఒకే వంశవృక్షపు కొమ్మలైనప్పుడు అటువంటి కలయికకు అవకాశము హెచ్చుతుంది. మేనమామకు పిల్లనిచ్చే ఆచారమున్న మన ప్రాంతంలో దీనిని గమనించవలసి ఉన్నది.

ఇక రక్తపరీక్షల మాట. మూడు వేరు వేరు పరీక్షలను జనము ఒకటిగా భావిస్తున్నారు.

మొదటిది సి.ఇ.ఎ. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్మన్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న పదార్థమిది. గర్భస్థ శిశువు పేగులో ఉండి పుట్టిన తరువాత తగ్గిపోతుంది. కాన్సరులో తిరిగి పెరగవచ్చును. కాని తొలిదశ కాన్సరులో తరచు మామూలుగానే ఉంటుంది. లంక పొగాకు చుట్ట కాల్చే ఆరోగ్యవంతునిలో కొంత హెచ్చుగా ఉండవచ్చును. శస్త్రచికిత్స జరిగిన తరువాత వ్యాధి తిరగబెట్టినదేమో కనిపెట్టడానికి ఇది ఉపకరిస్తుంది. లక్షణాలు లేనివారు ధైర్యం కోసం చేయించుకొనదగినది కాదు.

రెండవది కొత్తది. కాన్సరు కణాలు చనిపోయినప్పుడు వాటి డి.ఎన్.ఎ. తునకలు నెత్తురులో కొట్టుకొని వస్తాయి. వాటిని పట్టే షీల్డ్ అనే పరీక్షను 2024 జులైలో అమెరికా ప్రభుత్వము అనుమతించింది. అది నూరు కాన్సరులలో సుమారు 83 పట్టగలిగింది. కాని కాన్సరుగా మారడానికి సిద్ధముగా ఉన్న పెద్ద పిలకలలో నూటికి 13 మాత్రమే పట్టింది. పైగా అది సామాన్యమైన ప్రమాదము గలవారికి ఉద్దేశించినది. కుటుంబంలో వ్యాధి ఉన్నవారు దానిని నమ్ముకొని కెమెరా పరీక్ష మానరాదు.

మూడవది వంశపు జన్యుపరీక్ష. ఇది వ్యాధిని చెప్పదు. వ్యాధి వచ్చే అవకాశమును చెబుతుంది. దీనిని వ్యాధి వచ్చిన వ్యక్తితోనే మొదలుపెట్టడము మంచిది. ఆయనలో లోపము దొరికితే తోబుట్టువులలో, బిడ్డలలో అదే లోపమును వెదకడము సులువు. లోపము లేనివారు నిశ్చింతగా అందరితోపాటు ఉండవచ్చును. ఉన్నవారికి ఉరిశిక్ష పడినట్లు కాదు. లించ్ కుటుంబాలవారు సాధారణంగా 20, 25 ఏళ్ల వయస్సు నుండి, కొన్ని జన్యువులకు మరికొంత ఆలస్యముగా, ఏడాదికో రెండేళ్లకో కెమెరా పరీక్ష చేయించుకొంటే మరణభయము చాలవరకు తగ్గుతుంది. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఇటువంటి సలహా నిచ్చే జన్యువైద్య విభాగమున్నది.

ఈ మూడింటికంటె చౌకైన పరీక్ష ఒకటున్నది. అదే హీమోగ్లోబిన్. పేగులోని పుండు నుండి కంటికి కనబడకుండ రోజూ కొద్దికొద్దిగా నెత్తురు పోతే మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసపడతాడు. వరిచేలలో చెప్పులు లేకుండ తిరిగేవారికి కొంకిపురుగుల వల్ల కూడ ఇది కలుగుతుంది కనుక పురుగుల మందు, ఇనుము మాత్రలు ఇచ్చి ఊరుకొనడము కద్దు. కాని పురుషులలో గాని, ముట్లుడిగిన స్త్రీలలో గాని ఇనుము లోపించి రక్తము తగ్గితే కారణము పేగులో వెదకవలెను. అట్లే మలంలో నెత్తురు పడితే “మొలలే” అని మనమే తీర్పు చెప్పుకొని నాటుమందుకు పోరాదు. మొలలు ఉన్నంత మాత్రాన పైన మరొకటి లేదన్న హామీ లేదు.

శ్రోతలు ఈ వారంలో ఒక పని చేయవలెనని కోరుతున్నాను. తెల్లకాగితం తీసుకొని ఇంటి పెద్దను అడిగి మూడు తరాల పేర్లు వ్రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా వ్యాధి, అది కనిపించిన వయస్సు వ్రాయండి. స్త్రీల గర్భాశయపు కాన్సరును మరువకండి. ఇంగ్లీషులో అంకుల్ అనే ఒక్క మాట మేనమామకు, పెదనాన్నకు, బాబయికి సరిపోతుంది. మన భాషలో ఏ పక్షమో, పెద్దో చిన్నో ఆ పిలుపులోనే తెలుస్తుంది. వైద్యునికి కావలసినదీ అదే. ఒకే పక్షంలో ముగ్గురికి, రెండు తరాలలో, అందులో ఒకరికి 50 ఏళ్లలోపున ఈ కాన్సరులు వచ్చి ఉంటే తప్పక వైద్యునికి చూపవలెను. ఒక్కరికే వచ్చినా, చిన్న వయస్సులో వస్తే చూపవలెను.

సంబంధము తప్పిపోతుందని దాచినందువల్ల పెళ్లి నిలువవచ్చును. తమ్ముడు నిలువకపోవచ్చును. అన్నకు వచ్చిన వ్యాధి పేరు తమ్మునికి తెలిసి ఉంటే, పిలకగా ఉన్ననాడే దానిని తీసివేసే అవకాశమున్నది. ఆస్తి పంపకాల కాగితాలు భద్రముగా దాచుకొనే మనము ఈ ఒక్క కాగితాన్ని కూడ వాటి పక్కన ఉంచుకొందాము. దాచడానికి కాదు, బిడ్డలకు అప్పగించడానికి.