మూతపడిన రోలర్ కోస్టరు

(మలంచాలోని తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘముల వేదికలపై కవిత్వమో సంగీతమో ప్రసంగవిషయమగుట వాడుక. నేటి విషయము రోలర్ కోస్టరు. ఇది వేదికకు తగదని కొందరికి తోచవచ్చును. వెనుక వరుసలోని పిల్లలకు మాత్రము అట్లు తోచదు.

తిరునాళ్లలో గాని నగరపు వినోదోద్యానములో గాని ఒక ఆటయంత్రము హఠాత్తుగా నిలిచిపోయి, గేటుకు తాళము పడినచో, మరునాటినుండి ప్రతి తేనీటి దుకాణములోను ఒక విచారణ సంఘము వెలయును. ఇరుసు విరిగినదని ఒకరందురు. మోటారు కాలినదని మరియొకరు. విడిభాగము విదేశమునుండి రావలెనట, ఆరునెలలు పట్టునట అని మూడవవారు. తాళము గేటుకే గాని ఊహకు వేయరు గదా. మలంచావంటి చోట ఈ ఊహలు కొంత సాంకేతికముగా కూడ నుండును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి ఖరగ్‌పూరులో స్థిరపడినవారి మనుమలు ఇచ్చట నున్నారు. నాగర్‌దోలా కిర్రుమన్నచో ఏ బేరింగు అరిగినదో వినికిడితోనే చెప్పగలవారికి ఇచ్చట కొరత లేదు.

అందునను రోలర్ కోస్టరు రైలుబండికి పరాయిది కాదు, పినతండ్రి బిడ్డయే. అమెరికాలోని పెన్సిల్వేనియా కొండలలో మౌచ్ చంక్ అను చోట 1827లో బొగ్గు దింపుటకొక రైలుమార్గము వేసిరి. బండ్లు తమ బరువుతోనే కొండ దిగివచ్చెడివి. కాలక్రమమున బొగ్గు పోయి సరదాకొరకు వచ్చు జనము మిగిలిరి. 1884లో లామార్కస్ థాంప్సన్ అను నతడు న్యూయార్కు దరి కోనీ ఐలండులో సరదాకే ప్రత్యేకముగా ఒక మార్గము కట్టి, మనిషికి 5 సెంట్లు వసూలు చేసెను. దాని వేగము గంటకు 6 మైళ్లు మాత్రమే! తరువాత 1919లో జాన్ మిల్లర్ పట్టా క్రిందిభాగమును పట్టుకొను చక్రములకు పేటెంటు పొందెను. పైన నడచు చక్రములు, ప్రక్కన దారి చూపు చక్రములు, క్రింద పట్టి యుంచు చక్రములు — ఈ మూడు జతలుండుటచేతనే బండి శిఖరముపై పట్టా విడచి ఎగిరిపోదు. ఎక్కునప్పుడు వినవచ్చు టకటకధ్వని, గొలుసు తెగినను బండి వెనుకకు జారకుండ పంటిపై పంటిని పట్టుచు పోవు కొక్కెములది. పిల్లలు భయపడు ఆ చప్పుడే నిజమునకు అభయము.

ఇక బ్లాకు పద్ధతి. రైల్వేవారికి దీనిని వివరించుట హాస్యాస్పదము. ఒక మార్గముపై పెక్కు బండ్లు నడచునప్పుడు కోస్టరును కూడ ఖండములుగా విభజింతురు. ముందరి బండి ఒక ఖండమును ఖాళీ చేయనిదే వెనుకటి బండి అందు ప్రవేశింపరాదు. ప్రవేశించునట్లున్నచో యంత్రమే దానిని ఆపివేయును. సిగ్నలు, స్టేషను మాస్టరు, గార్డు అందరును ఆ నియంత్రణ యంత్రములోనే యున్నారు.

మరమ్మతు కొరకు మూసిన కోస్టరులో జరుగు పని బయటివారికి కానరాదు. ఇరుసులను, అతుకులను అల్ట్రాసానిక్ తరంగములతోను, రంగుద్రవముతోను, అయస్కాంత చూర్ణముతోను పరీక్షించి, కంటికి కానరాని పగుళ్లను వెదకుదురు. వర్క్‌షాపులో ఇరుసులకు చేయునట్టిదే. పిమ్మట ఖాళీ బండ్లను, బరువులు నింపిన బండ్లను మరల మరల త్రిప్పి చూతురు. ఇందులో చెప్పుకొనదగిన వింత లేదు. వింత వేరొకచోట నున్నది.

ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ ఉద్యానములో స్మైలర్ అను కోస్టరును 2013 మే 31న ప్రారంభించిరి. అది మనిషిని 14 మారులు తలక్రిందులు చేయును. అది ప్రపంచ రికార్డు. 2015 జూన్ 2న 16 మందితో నున్న బండి, దారిలో నిలిచిపోయిన ఖాళీ బండిని ఢీకొనెను. ఐదుగురు తీవ్రముగా గాయపడిరి. వారిలో ఇద్దరు యువతులు కాలు కోల్పోయిరి. ఉద్యానమును కొన్నిదినములు మూసిరి. అదే సంస్థకు చెందిన ఇతర ఉద్యానములలోను కొన్ని కోస్టర్లను ఆపివేసిరి. అంతకుముందు 2013లోనే స్మైలర్ చిన్నచక్రములు ఊడి ప్రయాణికులకు తగిలియుండుటచే, దోషము ఇనుములోనే యుండునని తలచుట అసహజము కాదు.

విచారణలో తేలినది వేరు. పట్టాలలో దోషము లేదు. బండ్లలో లేదు. నియంత్రణ యంత్రములోను లేదు. ఆ దినమున గాలి గంటకు సుమారు 45 మైళ్ల వేగముతో వీచుచుండెను. తయారీదారులు చెప్పిన హద్దు 34 మైళ్లు. పరీక్షకై పంపిన ఖాళీ బండి ఎత్తు ఎక్కలేక పల్లములో నిలిచిపోయినది. ముందు దారి ఖాళీ లేదని గ్రహించి యంత్రము వెనుకటి బండిని గొలుసుపైననే ఆపినది. ఇంజనీర్లు దానిని నమ్మలేదు. మార్గముపై ఐదవ బండి చేర్చిన సంగతి వారికి తెలియదు. కావున యంత్రమే పొరబడినదని తలచి, దాని ఆజ్ఞను త్రోసిపుచ్చి బండిని వదలిరి. కార్యాలయములలోని వారికి ఈ తీరు క్రొత్త కాదు. క్రింది గుమాస్తా ఫైలుపై వ్రాసిన అభ్యంతరమును, వానికి తెలియదులే యని దాటిపోవుట ఎంత తేలికో పెక్కుమందికి అనుభవమే.

అయినను విచారణ చేసినవారు దోషమును ఆ ఇంజనీర్ల నెత్తిన పెట్టలేదు. అట్టి వేళ ఏమి చేయవలెనో వ్రాతమూలమైన సరియగు పద్ధతి వారికి ఇయ్యబడలేదనిరి. యాజమాన్య సంస్థ నేరము అంగీకరించినది. 2016 సెప్టెంబరులో స్టాఫర్డు న్యాయస్థానము దానికి 50 లక్షల పౌండ్ల జరిమానా విధించెను. కోస్టరు అదే యేడు మార్చి 19న తిరిగి తెరువబడినది. దెబ్బతిన్న బండ్లు, కమ్ములు మాటయేమిరా యనువారికి సమాధానము సులభము. ముఖ్యముగా మరమ్మతైనది మాత్రము పనిచేయు పద్ధతి.

ఇనుము విరుగనే విరుగదని దీనిచే తాత్పర్యము కాదు. అహమదాబాదు కాంకరియాలో 2019 జులై 14న లోలకము వలె ఊగు యంత్రపు నడిమి గొట్టము విరిగి ఇద్దరు మరణించిరి. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిషులో ఒక యంత్రము ప్రయాణికులను తలక్రిందులుగా ఉంచి సుమారు అరగంట నిలిచిపోయినది. బ్యాటరీ మార్చగా దిగివచ్చిరి. అచ్చట తేనీటి దుకాణపు ఊహలు నిజమైయుండవచ్చును. అయితే విరిగినదేదో తెలిసినంతమాత్రమున విచారణ ముగిసినదని తలచుటయే ప్రమాదము.

జూన్ 2 అను తేదీ ఖరగ్‌పూరులో వినోదమునకు సంబంధించినది కాదు. 2023లో ఆ సాయంకాలము ఖరగ్‌పూర్, భద్రక్‌ల నడుమ బహనాగా బజారు స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, పచ్చసిగ్నలు చూచియే, ప్రధానమార్గము విడచి లూపులైనులో నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనెను. 290 మందికి పైగా మరణించిరి. విశాఖకు, రాజమండ్రికి, విజయవాడకు ఈ ఊరివారు ఎక్కు బండి అది. డ్రైవరు వేగమించెనని కొందరు, కుట్ర యని కొందరు వెంటనే తీర్పు చెప్పిరి. బండి గంటకు 128 కిలోమీటర్ల వేగమున నుండెను, అనుమతి 130. రైల్వే భద్రతా కమిషనరు నివేదిక వేలు చూపినది సిగ్నలు తీగెలవైపు: 2018లో ఒక గుమ్టీలో చేసిన మార్పునందును, ఆనాడే లెవెల్ క్రాసింగు గేటు పనికై చేసిన మార్పునందును జరిగిన లోపములు.

అదే నివేదికలో మరియొక మాట కలదు. 2022 మే 16న ఈ డివిజనులోనే బాంక్రా నయాబాజ్ స్టేషనులో తీగెల పొరపాటువలన, సిగ్నలు ఒక దారి చూపగా బండి మరియొక దారిన పోయినది. అప్పుడే దిద్దుబాటు చేసియున్నచో బహనాగా ప్రమాదము జరిగియుండెడిది కాదని కమిషనరు వ్రాసెను.

బహనాగాలో పట్టాలు 51 గంటలలో తిరిగి సిద్ధమైనవి. మొదటి గూడ్సుబండి జూన్ 4 రాత్రియే నడచినది. గుమ్టీలోని తీగెల కథ నివేదికకెక్కుటకు ఆ నెలాఖరు వరకు పట్టినది.