ఒడ్డున దొరికిన లంగరు బొత్తాము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మన ఊళ్ళకు సముద్రము లేదు. పాలారు ఇసుకే మన పిల్లలకు తీరము. అందుచేత మొన్న సంక్రాంతి సెలవులలో నాలుగు కుటుంబాలవారము కాట్పాడిలో రైలెక్కి చెన్నపట్నము వెళ్ళినాము. తెల్లవారుజామున మెరీనా ఒడ్డున గవ్వలు ఏరుతున్న ఒక పిల్లవానికి చిలుము పట్టిన ఇత్తడి బొత్తాము దొరికినది. దాని మీద లంగరు బొమ్మ. ఇంకేమి! తిరుగు రైలు అరక్కోణము చేరేలోగా దానికి రెండువందల ఏళ్ళ వయసు కట్టినారు. డచ్చివారిదని ఒకరు, అమ్మితే ఎంత వస్తుందని మరొకరు. ఇంటికి వచ్చినాక ఎవరో చింతపండు వేసి తోమినారు. తళతళలాడినది గాని, చిలుముతోబాటు అంచున మిగిలిన బంగారు పూత కూడా పోయినది.

భూతద్దము పెట్టి చూస్తే లంగరుపైన కిరీటము కనిపించినది. బ్రిటిషు నౌకాదళపు అధికారుల బొత్తాములలో లంగరుమీద కిరీటము చేరినది 1812లో. గనుక అంతకు ముందుది కాదు. మరి ఎప్పటిది? కిరీటము రూపు చెబుతుంది. 1901 నుండి 1952 వరకు దాని కమానులు గుండ్రముగా పైకి లేచి ఉండేవి. 1953 తరువాత, ఎలిజబెత్తు రాణి కాలములో, నడుమ నొక్కినట్లు ఉండేవి. చార్లెసు రాజు 2022లో మళ్ళీ గుండ్రని రూపునే ఎంచుకొన్నారు గాని, అంత చిలుము పట్టినది నిన్న మొన్నటిది కాజాలదు. మా బొత్తాముది గుండ్రని కిరీటము. రెండువందల ఏళ్ళు ఎగిరిపోయినవి. పిల్లవాని ముఖము చిన్నబోయినది.

బొమ్మ ఒక్కదానినే నమ్మరాదు. సుమారు 1,800 ఏళ్ళ క్రిందట మన శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేసినారు. అవి ఈ చోళమండల తీరములోనే దొరికినవి. ఓడ బొమ్మ బెల్టు బిళ్ళల మీదా ఉంటుంది. వట్టి లంగరు బొత్తాములు పిల్లల చొక్కాలకూ కుట్టినారు. లోహమేమి, వెనుక కొక్కెము ఎట్లున్నది, తయారుచేసినవారి పేరేమైనా ఉన్నదా అని తిరగవేసి చూడవలెను. అన్నీ చూచినా తెలిసేది వస్తువు పుట్టిన కాలమే. సముద్రములో పడిన కాలము కాదు.

ఈ సంగతి విని గుడియాత్తములో ఒక అవ్వ మమ్ములను పిలిపించినది. ఆమె నాయన ఓడకొలువు చేసినాడట. తెల్లదొరలు ఉండగానే మానుకొని వచ్చినాడని ఇంటిలో వాడుక. ట్రంకు పెట్టెలో మిగిలినది ఒక్క బొత్తాము. తక్కినవి కోటుతో సహా పాత సామానులవానికి పోయినవి. చూస్తే లంగరుమీద కిరీటము లేదు, అశోకుని సింహాలు ఉన్నవి. 1950 జనవరి 26న మన నౌకాదళము పేరులో ‘రాయల్’ అనే మాట పోయినది. కిరీటము ఉన్న చోట సింహాలు వచ్చినవి.

“అంటే మా నాయన మన జెండా కింద కూడా పనిచేసినాడా, నాయనా?” అన్నది అవ్వ.

అవునని చెప్పుటకు నోటిదాకా వచ్చినది. చెప్పలేదు. బొత్తాము 1950కి ముందుది కాదని మాత్రమే చెప్పగలము. అది ఆ పెట్టెలోకి ఎట్లు వచ్చినదో కొలువు కాగితాలే చెప్పవలెను. “అయితే వెతికిస్తాను” అన్నది. ఆ ఇంటిలో ఇప్పుడు అటకలన్నీ దింపుతున్నారు.

మేము రైల్వే గుమాస్తాలము. చీటీ ఊడిన పార్సెలు ఎంత విలువైనదైనా దిక్కులేనిదే. వస్తువు దొరికిన చోటు, తేదీ వెంటనే వ్రాసి దానితో ఉంచండి. తోమకండి. పాతిపెట్టిన నాణేల వంటివి బయటపడితే 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. సందేహము వస్తే వేలూరు కోటలోనే ప్రభుత్వ మ్యూజియము ఉన్నది.

ఒడ్డుకు కొట్టుకువచ్చినదెల్ల దొరికినవానిదే అనుకొనకండి. తుపానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును పూర్వపు రాజులు పట్టుకొనేవారు. తాను సుంకము మాత్రమే తీసుకొందునని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించినాడు. మనము ఓడల సరుకు ఎరుగము గాని, మన పెట్టెలలోని చిన్న వస్తువులకు అదే న్యాయము. అవి చెప్పనిది మనము చెప్పరాదు, చెప్పినది పోగొట్టరాదు.

ఈ పండుగకు ఇల్లు దులిపేటప్పుడు పెట్టె అడుగున ఒక బొత్తాము దొరికితే, పాత సామానులవానిని పిలువకముందు ఇంటిలోని అవ్వను పిలువండి.