పరదేశమునకుఁ బోవు వంటవాఁడు



చిత్తూరు, తిరుపతి ప్రాంతముల గ్రామములలో పెద్దల యెదుటికి నేఁడు తఱచుగా వచ్చు ప్రశ్న యొకటి కలదు. "మా పిల్లవానికి వంటపనియందు మక్కువ. అప్పు చేసి విదేశమునఁ బాకవిద్య చదివింతుమా? కువైటు యజమాని పంపెడు వీసాపైఁ బనికిఁ బంపుదుమా?" విశ్రాంతుఁడనగు నాయొద్దకు వచ్చిన పూర్వవిద్యార్థులును దీనినే యడిగిరి. నాకుఁ దోఁచినది మనవి చేసెదను.

పనికిఁ బోయినవానికి మొదటి నెలనుండియు జీతము కలదు. కాని యతని నివాసము యజమానితో ముడివడి యుండును. పీలేరు, రాయచోటి సీమలనుండి కువైటునకుఁ బోయినవారు దీని నెఱుఁగుదురు. అచట 18వ నంబరు వీసా, మనవా రనెడి షూన్ వీసా, సంస్థలలోని యుద్యోగులకు; 20వ నంబరుది, ఖాదిమ్ వీసా, గృహసేవకులకు. హోటలు పని యని నమ్మి రెండవదానిపైఁ బోయినవాఁడు ఇంటిచాకిరిలోఁ జిక్కును. వెలుపలఁ బనిచేసినచో చట్టమునకు దోషి యగును.

చదువునకుఁ బోయినవానికి అప్పు ముందు, ఆర్జన వెనుక. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుండి విద్యార్థి పాఠములు జరుగు దినములలో పక్షమునకు 48 గంటలకు మించి పనిచేయరాదు. ఆ కూలితోనే రుసుమంతయుఁ దీఱునను దళారి మాట నమ్మి పొలము తాకట్టు పెట్టుట క్షేమము కాదు. చదివినంతనే అచట నిలుచు హక్కును రాదు. పరదేశపు చట్టము మన చేతిలోనిది కాదు: బ్రిటను 2025 జూలై 22 నుండి వంటవారికి నైపుణ్యోద్యోగ వీసాలు క్రొత్తగా నిచ్చుట మానినది.

కావున మొదట విద్య, అదియు చేరువలో. తిరుపతియందే కేంద్ర పర్యాటకశాఖవారి ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ పాకవిద్యలో మూఁడేండ్ల పట్టపుఁ జదువు చెప్పుచున్నది. అటుపై రెండేండ్లు ఇచటి వంటశాలలోఁ జేయి తిరుగనిండు. నలమహారాజు రాజ్యమును, రూపమును గోల్పోయి ఋతుపర్ణుని కొలువునఁ బాహుకుఁడై యున్నను, చేతివంట రుచి యాతని విడువలేదు. దమయంతి యాతనిని గుర్తించుటకు ఆ రుచియుఁ దోడ్పడెను.

అప్పుడు విదేశపు పని వచ్చినచో, ఏజెంటు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైనవాఁడో కాదో విచారింపుఁడు. వాని సేవారుసుము 30,000 రూపాయలు, దానిపైఁ బన్ను, అంతకు మించరాదు. పనిపేరు, జీతము, సెలవు వ్రాసిన ఒప్పందపత్రము బయలుదేఱకముందే చేతికి రావలెను. దాని నకలొకటి యింట నుంచుఁడు.

పూచీ సంతకము కోరి మీకడకు వచ్చినవాని నొక్కమాట యడుగుఁడు: "నాయనా, ఆ యజమాని రేపు పొమ్మనినచో నీయొద్ద నేమి మిగులును?" వంట మిగులు ననఁగలిగినవానికి సంతోషముతో సంతకము చేయుఁడు. అప్పు మాత్రమే మిగులువానిని కొంతకాలము నిలిపి, విద్య నేర్పించి పంపుఁడు.