స్థిరవేగయంత్రము – దోషవిచారణ



నేను ముప్పది సంవత్సరములకు పైగా ఉన్నతపాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురుముఖమున నేర్చిన కొంచెము తర్కము కలదు గాని, యంత్రవిద్య నాకు లేదు. అట్టి నేను మోటారుకారు మరమ్మతును గూర్చి మాటలాడ సాహసించుటకు కారణము, గత సంవత్సరము అమెరికాలో మా అబ్బాయి యింట జరిగిన యొక చిన్న సంగతి.

మా అబ్బాయి కారునకు ఇరువదియేండ్లు దాటినవి. అందు క్రూజ్ కంట్రోల్ అను సాధనము కలదు. మనము దానిని స్థిరవేగయంత్రమని పిలుచుకొందము. రాజమార్గమున నొక వేగమునకు చేరి మీట నొక్కినచో, పాదము తీసివేసినను బండి యా వేగముననే పోవుచుండును. బండి వేగమెంతయో ఒక పెట్టెకు నిరంతరము తెలియుచుండును. ఎత్తెక్కునపుడు ఆ పెట్టె ఇంజనులోనికి గాలి పోవు ద్వారమును కొంత తెరపించును. వేగము హెచ్చినచో కొంత మూయించును. బ్రేకుపై పాదము మోపిన తక్షణమే పట్టు విడిచి, అధికారమును మరల మనకు అప్పగించును.

దీనిని కల్పించిన రాల్ఫ్ టీటర్, మా అబ్బాయి నివసించు ఇండియానా రాష్ట్రముననే హేగర్స్‌టౌన్ అను ఊర 1890లో జన్మించెను. ఐదవ యేట చూపు కోల్పోయినను గొప్ప ఇంజనీరయ్యెను. 1950లో ఆయనకు ఈ సాధనముపై పేటెంటు లభించెను. 1958లో క్రైస్లర్ వారి కార్లతో ఇది అమ్మకమునకు వచ్చెను. కన్నులు లేని మహానుభావుడు కల్పించిన యంత్రమునందలి దోషమును, కన్నులున్న మేము మువ్వురము పదిదినములు కానలేకపోతిమి.

సంగతి యిది. ఒకనాడు యంత్రము వేగమును పట్టుట మానెను. సిద్ధముగా నున్నానని తెలుపు చిన్న దీపము వెలుగుచునే యున్నది. మీట నొక్కిన మాత్రము ఫలము లేదు. అది జరిగిన రెండవనాటి ఉదయమున బ్యాటరీ చచ్చి బండి కదలలేదు. మా అబ్బాయి క్రొత్త బ్యాటరీ కొనెను. మూడు దినములకు అదియు నీరసించెను. కారు చూచిన పనివాడు, పెట్టె చెడినదనియు, మార్చుటకు కొన్నివందల డాలర్లగుననియు చెప్పెను.

మా మనుమడు పదునేడేండ్లవాడు, చుఱుకైనవాడు. వాడు, "తాతయ్యా, బ్రేకువార్తను పెట్టెకు కొనిపోవు తీగ యొకటి కలదు. దానిని కత్తిరించినచో యంత్రము మరల పట్టునేమో!" అనెను. వాని యూహ పూర్తిగా తప్పు కాదు. అదియే నాకు భయము గొలిపెను. మా అబ్బాయి వారమునకు రెండుమారులు రాత్రివేళ దూరము పోవువాడు. బ్రేకు నొక్కినను యంత్రము పట్టు విడువని బండిలో వానిని పంపుటయా? "నాయనా, కారణము తెలియువరకు కత్తెర ముట్టవద్దు" అని వారించితిని.

ఆ రాత్రి భోజనానంతరము చేతికఱ్ఱకై కారుషెడ్డులోనికి పోయితిని. లోపల చీకటి. నిలిపియుంచిన బండి వెనుక రెండు ఎఱ్ఱదీపములు శివరాత్రి జాగరణము చేయుచున్నట్లు వెలుగుచున్నవి! అవి బ్రేకుదీపములు. బండిలో ఎవరును లేరు.

వెంటనే తండ్రికొడుకులను పిలిచితిని. బ్రేకు నొక్కకయే బ్రేకుదీపములు వెలుగుచున్నచో, బండి యెల్లప్పుడును బ్రేకు నొక్కబడినదనియే తలచుచున్నదన్నమాట. అట్లు తలచు బండిలో స్థిరవేగయంత్రము పట్టకుండుటయే ధర్మము. రేయింబవళ్లు దీపములు వెలిగినచో బ్యాటరీ చచ్చుటయు సహజమే. రెండు రోగములకు ఒకే కారణము కుదురుచుండగా రెండు కారణములను కల్పించుట గౌరవదోషమని తార్కికులందురు.

మా అబ్బాయి నేలపై పరుండి, టార్చిలైటుతో పెడలు పైభాగమును చూచెను. అచట బ్రేకుస్విచ్చికి చిన్న బొడిపె కలదు. పాదము లేనపుడు పెడలుకాడ ఆ బొడిపెను నొక్కియుంచును, అపుడు దీపములారియుండును. పాదము మోపినపుడు బొడిపె వెలికి వచ్చును, దీపములు వెలుగును. పెడలును చేతితో పైకెత్తి చూచినాము, మార్పు లేదు. "బొడిపెను వ్రేలితో నొక్కుము" అంటిని. దీపములారిపోయెను. వ్రేలు తీసినంతనే వెలిగెను. మూడుమారులు చేయించితిని. ఉన్నచో నుండుట అన్వయము. లేనిచో లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరినవి. స్విచ్చి మంచిదే, దానిని నొక్కవలసినదే లేదు.

పెడలుకాడలో బొడిపెకు ఎదురుగా చిన్న రంధ్రము కనబడెను. దానిని మూసియుండవలసిన ప్లాస్టిక్ బిళ్ల వయసుచేత పెళుసెక్కి పొడియైపోయినది. బొడిపె ఆ రంధ్రములోనుండి దూరిపోవుచున్నది. మా కోడలు వచ్చి, "మామయ్యగారూ, ఆ తునకలను మొన్న నేనే ఊడ్చి పారవేసితిని. బొమ్మ యేదో విరిగినదనుకొంటిని" అనెను. కొన్ని డాలర్ల బిళ్ల తెచ్చి అమర్చినంతనే దీపములారెను. మరునాడు జనసంచారము లేని తిన్నని మార్గమున యంత్రము వేగమును పట్టెను. నేను సంతోషించినది అందులకు కాదు. బ్రేకుపై పాదమానించినంతనే పట్టు విడిచెను, అందులకు.

ఆలోచింపుడు. మనుమని మాట వినియున్నచో యంత్రము పనిచేసెడిది, మేము సంతోషించెడివారము. కాని వెనుకదీపములు ఎల్లప్పుడును వెలుగుచునే యుండెడివి. మా అబ్బాయి నిజముగా బ్రేకు వేసినపుడు, వెనుక వచ్చువానికి తెలియునా? పెట్టె దోషి కాదు. తనకు అందిన వార్త అబద్ధమైనను, ఆ వార్తకు తగినట్లే నడచుకొన్నది.

ప్రాతబండి గల శ్రోతలు విచారణను ఈ క్రమమున చేయుదురు గాక. మొదట సిద్ధదీపము వెలుగుచున్నదా, ఫ్యూజు మంచిదా చూడవలెను. పిమ్మట ఒకరు వెనుక నిలిచి, మఱియొకరు బ్రేకు నొక్కి విడువవలెను: నొక్కినపుడే దీపములు వెలుగవలెను, విడిచినంతనే ఆరవలెను. కొన్ని ప్రాతబండ్లలో బ్రేకుబల్బులు మాడినను యంత్రము పట్టదు. మూడవది, గాలిని పీల్చి పనిచేయు రకమైనచో రబ్బరుగొట్టములు పగిలినవేమో పరీక్షింపవలెను. నాలుగవది, ఇంజను ఆపి, యాక్సిలరేటరు తీగ చిక్కుకొనక తిరిగి వచ్చుచున్నదో లేదో చూడవలెను. పెట్టెను అనుమానించుట చివరి మాట. స్టీరింగు చక్రములోని ఎయిర్‌బ్యాగు తీగలను ముట్టకుడు. అది నేర్పరుల పని. బ్రేకు నొక్కినను పట్టు విడువనిచో, గట్టిగా బ్రేకు వేసి, యంత్రపు మీట ఆర్పి, బాగుచేయించువరకు దానిని వాడకుడు.

పనిచేయని యంత్రము అలసట కలిగించును. విడువవలసినపుడు విడువని యంత్రము ప్రాణము తీయును. కావున పట్టులేదని చింతించుటకు ముందు, "విడువుమని దీనికి ఎవరు చెప్పుచున్నారు?" అని యడుగుడు. మా యింట ఆ ప్రశ్నకు ఉత్తరము, కోడలు చేటలో ఊడ్చి పారవేసిన చిటికెడు ప్లాస్టిక్ పొడి.