అద్దెకున్నవారు ఖాళీ చేయకపోతే...

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను గనుక కార్యదర్శి గారు ఈ విషయం మీద మాట్లాడమన్నారు. నా అసలు అర్హత అది కాదు. మా సొంత ఇంట్లో కింది వాటా ఖాళీ చేయించుకోవటానికి నాకు మూడేళ్ళు పట్టింది. అందులో కొన్ని నెలలు కేవలం నా తొందరపాటు వల్ల పోయాయి. ఆ సంగతి ముందు చెప్పి తర్వాత చట్టం దగ్గరకు వస్తాను.

హైదరాబాదులో 1994లో అప్పుచేసి కట్టుకున్న ఇల్లు మాది. కింది వాటా అద్దెకిచ్చి మేము పైన ఉండేవాళ్ళం. 2016లో మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ముదిరి మెట్లెక్కటం కష్టమైంది. కిందికి మారదామని అద్దెకున్నాయనకు చెప్పాం. "అలాగేనండీ, పిల్లల పరీక్షలు కానివ్వండి" అన్నారు. పరీక్షలయ్యాయి. ఆషాఢంలో ఇల్లు మారకూడదన్నారు. ఆషాఢం పోయాక అద్దె ఇవ్వటం కూడా మానేశారు. ఒకరోజు కోపం పట్టలేక మోటారు కట్టేసి కింది వాటాకు నీళ్ళు రాకుండా చేశాను. ఆయన రెండు రోజులు బిందెలతో మోసుకుని, మూడో రోజు పోలీసు స్టేషనుకు, ఆ తర్వాత కోర్టుకు వెళ్ళి నా మీద ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. అద్దె ఎగ్గొట్టినవారు వాది, ఇంటి యజమాని ప్రతివాది! నేను ఏళ్ళ తరబడి కట్టలు మోసిన ఆవరణలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం ఇంకా మెట్లెక్కుతూనే ఉంది.

మిత్రులారా, ఇల్లు మనదే అయినా, అద్దెకిచ్చిన తర్వాత అందులో ఉండే హక్కు ఆయనది. కరెంటు, నీళ్ళు ఆపటం, తాళం వేయటం, సామాను బయట పెట్టించటం ఏదీ పనికిరాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా బయటకు పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆయన 6 నెలల్లోగా దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఆ దావాలో "నేను ఓనర్ని" అన్న మాట చెల్లదు.

మరి దారి ఏమిటి? ముందుగా ఏ కోర్టుకు వెళ్ళాలో తేల్చుకోవాలి. ఇక్కడ కూడా నేను పొరబడ్డాను. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్దామని వకీలుతో ధీమాగా అన్నాను. ఆయన నవ్వి, "గురువుగారూ, మీరు రిటైరయ్యాక 2005లో సవరణ వచ్చింది" అన్నారు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటితే ఆ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్ళు నిండని ఇంటికీ వర్తించదు. మా అద్దె 6,500. ఈ రోజుల్లో 3,500కు హైదరాబాదులో ఒక గది దొరకటమే గగనం గనుక మనలో చాలామంది సివిల్ కోర్టుకే వెళ్ళాలి. నేను చెప్పేది తెలంగాణ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం చేసుకున్నారు. అక్కడ ఇళ్ళున్నవారు అక్కడి వకీలును సంప్రదించాలి.

తక్కువ అద్దె పాత ఇళ్ళవారికి ఒక మాట. రెంట్ కంట్రోలర్ దగ్గర కారణం చూపాలి: అద్దె ఎగవేత, మన అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వటం, ఇంటిని పాడుచేయటం, ఇరుగుపొరుగును వేధించటం, మన సొంత నివాసానికి నిజంగా అవసరం కావటం వంటివి. బకాయి కట్టనిదే అద్దెదారు కేసు పోరాడటానికి వీల్లేదని 11వ సెక్షను చెబుతుంది. ఆ పిటిషను వేయటం మరవకండి.

సివిల్ కోర్టు దారిలో నోటీసే ప్రాణం. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, 15 రోజుల నోటీసు చాలు. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందినట్టు రుజువు దాచుకోవాలి. 2002 సవరణ తర్వాత ఆ 15 రోజులు నోటీసు అందిన నాటి నుంచి లెక్క. ఒప్పంద గడువు తీరిపోయి నెలనెలా సాగుతున్న అద్దె అయితే కారణం కూడా చెప్పనక్కరలేదు. గడువు మధ్యలో అయితే ఒప్పందంలోని షరతులు చూడాలి. నోటీసు ఇచ్చాక అద్దె వస్తే, నోటీసు రద్దయిందని అవతలివారు వాదించకుండా, ఆ డబ్బును ఆక్రమణకు పరిహారంగానే తీసుకుంటున్నట్టు వకీలు చేత రాయించండి. మా ఆవిడ లెక్కల పుస్తకంలో మామూలుగా "అద్దె" అని రాసిపెట్టుకుంది. అదొక వాయిదా తిన్నది.

డిక్రీ వచ్చినంత మాత్రాన తాళంచెవి చేతికి రాదు. అప్పీలుంటుంది, అమలు పిటిషను వేయాలి, అమీనా రావాలి. అందుకే మా వకీలు సలహాపై లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకున్నాను. ఆయన ఖాళీ చేసే తేదీ రాసిచ్చారు. నేను బకాయిలో సగం వదులుకున్నాను. అది నష్టమే, కాదనను. కాని లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చింది. తేదీ రాసిచ్చారు గనుక తేదీకి వెళ్ళారు. 2019 డిసెంబరులో మేము కిందికి దిగాం.

కుటుంబ పెన్షను తీసుకునే సోదరీమణులు ఒకటి గుర్తుంచుకోవాలి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు. వకీలు ఫీజుకు భయపడి ఊరుకోనక్కరలేదు.

సమావేశం అయ్యాక అరగంట ఇక్కడే ఉంటాను. అద్దె ఒప్పంద పత్రం తెచ్చినవారు ముందు రండి. పత్రమే లేనివారు, మొదటి అద్దె ఏ నెలలో తీసుకున్నారో, ఎంత తీసుకున్నారో ఒక చీటీ మీద రాసుకుని రండి. సెలవు.