కాలేజీ పిల్లల పాలు ముందు కొలవండి
(సభ్య సంఘాల కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చాక పై చదువుకూ హైదరాబాదే పోనక్కరలేదు. మన పిల్లలు ఊళ్ళోనే ఉండి, పొద్దున్నే గేదె పాలు పిండి, కేంద్రంలో పోసి, బస్సెక్కి పోయి చదువుకుంటున్నారు. హాస్టలు ఖర్చు లేదు. చిక్కంతా ఆ పొద్దుటి గంటలోనే ఉంది.

మా సంఘంలో ఒక అమ్మాయి బి.ఎస్సీ. చదువుతున్నది. తండ్రి లేడు. రెండు గేదెల పాలే ఇంటికి ఆధారం. కొలత వరుసలో నిలబడి తరచు బస్సు తప్పిపోయేది. 75 శాతం హాజరు లేనిదే పరీక్ష చిక్కే. చివరకు తల్లి వచ్చి, "సదువు మాన్పిస్త సారూ" అన్నది.

తప్పు నాదే. కేంద్రం తాళం తీసేదే ఆలస్యంగా. ఇప్పుడు అర్ధగంట ముందు తీసి, కాలేజీ పిల్లల పాలు మొదట కొలుస్తున్నాం. కొందరు పెద్దలు గొణిగారు, నాలుగు రోజులకు సర్దుకున్నారు.

సంఘానికీ లాభమే అయింది. గెర్బర్ పరీక్షలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోస్తాం. ఎందుకో ఇరవై ఏళ్ళు పోసిన నేను చెప్పలేకపోయాను. ఆమ్లం పాలలోని మాంసకృత్తులను కరిగిస్తే వెన్న విడివడి పైకి తేలుతుందని ఆమె సభ్యులకు చూపించింది. వెన్న శాతంపై తగాదాలు తగ్గాయి.

మీ ఊరికి కాలేజీ బస్సు ఎన్ని గంటలకు వస్తుందో ఈ వారమే కనుక్కోండి. దానినిబట్టి సేకరణ వేళ మార్చి బోర్డు మీద రాయించండి.